ప్లాంటులో షాక్ కొడితే మొదటి రెండు నిమిషాల్లో ఏం చెయ్యాలి: రొయ్యల ప్లాంటు బ్రదర్ ప్రశ్నకి నా సమాధానం

ముందు ప్రశ్నేంటో రెండు ముక్కల్లో చెప్తాను, కింద చదివేవాళ్ళకి అర్థమవ్వాలి కదా. భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో షిఫ్ట్ సూపర్‌వైజరుగా చేస్తున్న ఈ బ్రదర్ వాళ్ళ దగ్గర గ్రేడింగ్ హాల్లో నేల కడుగుతున్న కుర్రాడికి ప్రెషర్ వాషర్ షాక్ కొట్టింది, చెయ్యి వదల్లేకపోయాడు, పక్కనున్నావిడ లాగబోతే ఆవిడకీ కొట్టింది, ఎవరో పరిగెత్తి మెయిన్ ఆపేసరికి ఇద్దరూ కింద పడున్నారు. అదృష్టం బాగుండి ఇద్దరూ బతికారు. ఇప్పుడు ఈయన అడుగుతున్నవి మూడు. అలాంటప్పుడు అసలు ఏం చెయ్యాలి, ఆ కుర్రాడు మర్నాడే డ్యూటీకి వచ్చేశాడు పర్లేదా, ఆర్సీసీబీ (కరెంటు నేలకో మనిషికో లీకైతే వెంటనే తెంపేసే స్విచ్) ఊరికే పడిపోతోందని ఓనరు గారు దాన్ని ఎప్పుడో తీయించేసి డైరెక్ట్ చేయించారు అది కరెక్టేనా అని.

రెండోదానికి ముందు చెప్పేస్తా ఎందుకంటే అది ఈరోజే చెయ్యాలి. పర్లేదు అనుకోవద్దు. చెయ్యి అతుక్కుపోయి వదల్లేనంత షాక్ తగిలి, పడిపోయిన మనిషి బానే ఉన్నానన్నా సరే హాస్పిటల్‌కి తీసుకెళ్ళి ఈసీజీ తీయించండి, ఆవిడకి కూడా. గుండె దడ, ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం, వీటిలో ఏదున్నా ఆలస్యం చెయ్యొద్దు. కండరాలు లోపల దెబ్బతింటే ఆ చెత్త రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుద్ది, మూత్రం రంగు మారేది అందుకే. పైన అరచేతిలో రూపాయి బిళ్ళంత మచ్చే కనిపిస్తది కానీ కరెంటు లోపల్నించి వెళ్ళి ఇంకోచోట బయటికొస్తది, మధ్యలో ఏం కాలిందో మన కంటికి తెలీదు. డాక్టరుతో "కరెంటు ఎక్కడ పట్టుకుంది, ఎంతసేపు పట్టుకుంది, స్పృహ పోయిందా, తల తగిలిందా" ఈ నాలుగూ చెప్పండి, ఊరికే షాక్ కొట్టింది సార్ అంటే వాళ్ళు కూడా ఒక ఇంజెక్షన్ చేసి పంపించేస్తారు. ఈఎస్‌ఐ ఉంటే ఆ కాగితాలు కూడా అప్పుడే కదపండి, తర్వాత ఎవరూ ఒప్పుకోరు.

ఇక మొదటిది. నేను ఐస్ ప్లాంట్లు, కోల్డ్ స్టోరేజీలు, రొయ్యల ప్లాంట్లలోనే ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేస్తూ వచ్చాను కాబట్టి తడి నేల లెక్కలోనే చెప్తాను, ఏసీ ఆఫీసులో కూర్చునేవాళ్ళకి ఇందులో సగం పనికొస్తది.

చెయ్యి ఎందుకు వదలదు అనేది తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. మన కరెంటు 230 వోల్టులు 50 హెర్ట్జ్. శరీరంలోంచి సుమారు 10 మిల్లీఆంపులు పోతేనే ముంజేతి కండరాలు బిగుసుకుపోయి పిడికిలి మూసుకుపోద్ది, ఇంకొంచెం పెరిగితే మనిషి అరవాలన్నా అరవలేడు. అరవట్లేదు కదా అని పక్కనోళ్ళకి ఏం జరుగుతుందో కూడా తెలీదు, ఏదో ఆగి నిలబడ్డాడు అనుకుంటారు. తడి ఒంటికి రెసిస్టెన్స్ వెయ్యి ఓమ్‌ల దగ్గరకి పడిపోద్ది, అంటే 230 మిల్లీఆంపులు దాకా పోవచ్చు, 50 నించి 100 దాటితేనే గుండె లయ తప్పి వణకడం మొదలెట్టొచ్చు. మీ డీబీలో, అంటే డిస్ట్రిబ్యూషన్ బోర్డులో ఉన్న 16 ఆంపుల ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే పడిపోయే స్విచ్) ఇదంతా అయిపోయినా కదలదు బ్రదర్, దానికి 230 మిల్లీఆంపులు అంటే ఒక చిన్న బల్బు వెలిగినట్టే లెక్క. అది వైరు కాలకుండా కాపాడేది, మనిషిని కాపాడేది కాదు. ఈ మాట ఓనరు గారికి కూడా చెప్పండి, మూడో ప్రశ్న దగ్గర మళ్ళీ వస్తాను.

కాబట్టి మొదటి పని మనిషిని పట్టుకోవడం కాదు, కరెంటు ఆపడం. అందరికీ తెలుసు అంటారు, మీ దగ్గరావిడకి కూడా తెలిసే ఉంటది, కానీ కళ్ళముందు కుర్రాడు కొట్టుకుంటుంటే చెయ్యి ముందుకెళ్ళిపోద్ది, అది మంచితనమే, దాన్ని తిట్టి లాభం లేదు. ఆపేది ఎక్కడో తెలియకపోతే మనిషి ఏం చేస్తాడు, ఉన్నదాన్ని పట్టుకుని లాగుతాడు. మీ హాల్లో పని చేసే వాళ్ళని ఇప్పుడే వెళ్ళి అడిగి చూడండి, ఈ సాకెట్ ఏ డీబీలోంచి వస్తుందమ్మా అని, ఎలక్ట్రీషియన్ తప్ప ఒక్కరు కూడా చెప్పలేరు, ఆ ఎలక్ట్రీషియనేమో నైట్ షిఫ్టులో ఉండడు.

దగ్గర్లో ప్లగ్గు పొడిగా ఉండి, చేతికి అందేలా ఉంటే ప్లగ్గు పీకడమే అన్నిటికన్నా మంచిది, ఎందుకో చెప్తా. స్విచ్ ఆపితే ఆగిందని గ్యారంటీ లేదు, వైరింగ్ చేసినోడు స్విచ్‌ని న్యూట్రల్‌లో పెట్టుంటే మోటారు ఆగుద్ది కానీ బాడీకి ఫేజ్ అలాగే వస్తానే ఉంటది. ప్లగ్గు పీకితే రెండూ తెగుతాయి. అది కుదరకపోతే ఆ హాలు డీబీ, అదీ తెలీకపోతే మెయిన్ ప్యానెల్. గడ్డకట్టిన సరుకు కరిగిపోద్దని భయపడి మెయిన్ ఆపడానికి వెనకాడేవాళ్ళని చూశాను, కోల్డ్ రూము తలుపు మూసుంటే ఒక గంటకి ఏం కాదు, ముందు ఆపండి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. ఆపాం అనుకోవడం వేరు, ఆగడం వేరు. ఒక ఐస్ ప్లాంటులో నా కళ్ళముందు జరిగింది, పేరొద్దు. సబ్‌మెర్సిబుల్ పంపు వైరు దగ్గర హెల్పర్‌కి షాక్ కొట్టి పడిపోయాడు, ఆపరేటర్ పరిగెత్తి ఈబీ (కరెంటు ఆఫీసు సప్లై) మెయిన్ ఆపేశాడు, హాలంతా చీకటి, ఇద్దరు వెళ్ళి వాడి భుజాల కింద చేతులు పెట్టారు. పది సెకన్లు గడిచాయో లేదో బయట జనరేటర్ గుర్రుమంది, లైట్లు వెలిగాయి, అందరూ హమ్మయ్య అన్నారు. అన్నారు గానీ ఆ జనరేటర్ ఆటోలో ఉంది, మెయిన్ పోయిందని దానంతటదే స్టార్టయి అదే ఫీడర్‌కి కరెంటు ఇచ్చేసింది, అంటే ఆ పంపు వైరులో మళ్ళీ కరెంటు ఉంది. క్యాన్ మోసే ఒక పెద్దాయన ఆ చీకట్లోనే ఆ ప్లగ్గు పీకి పక్కకి విసిరేశాడు కాబట్టి ముగ్గురూ బతికారు. ఆయనకి ఏఎంఎఫ్ ప్యానెల్ (మెయిన్ పోతే జనరేటర్‌ని దానంతటదే స్టార్ట్ చేసేది) అంటే ఏంటో తెలీదు, మా ఇంజినీర్లకి తెలుసు, ఆ టైములో గుర్తు రాలేదు.

చాలా రొయ్యల ప్లాంట్లలో డీజీ, అంటే డీజిల్ జనరేటర్, ఆటోలోనే ఉంటది. కాబట్టి మీ మెయిన్ ప్యానెల్ తలుపు మీద ఎర్ర పెయింటుతో రాయించండి, మెయిన్ ఆపాక డీజీ ఎమర్జెన్సీ బటన్ కూడా నొక్కాలి అని, ఆ పుట్టగొడుగు లాంటి ఎర్ర బటన్ ఎక్కడుందో ప్రతి షిఫ్టులో ఇద్దరికైనా తెలియాలి. ఇలాంటివే ఇంకొన్ని ఉన్నాయి, ఆఫీసు రూములో యూపీఎస్, పైకప్పు మీద సోలార్ ఉంటే ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్ళ నించి ఇన్వర్టర్ దాకా డీసీ వైరులో కరెంటు ఉంటానే ఉంటది, ఏపీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే) ప్యానెల్లో కెపాసిటర్లు, కంప్రెసర్లకి పెట్టిన వీఎఫ్‌డీలు (మోటారు స్పీడు మార్చే డ్రైవులు). వీఎఫ్‌డీ లోపల డీసీ బస్ మీద 560 వోల్టుల పైనే ఉంటది, సప్లై తీసేశాక కూడా దిగడానికి నిమిషాలు పడుద్ది, దాని మీద ఎన్ని నిమిషాలు ఆగాలో స్టిక్కర్ అంటించి ఉంటది చూడండి. టెస్టర్ వెలగలేదు కాబట్టి కరెంటు లేదు అనే మాటని మాత్రం నమ్మొద్దు, పగటి వెలుతురులో దాని లోపలుండే నియాన్ బల్బు సరిగ్గా కనపడదు, ప్లాస్టిక్ స్టూలు మీద నిలబడి పెడితే వెలక్కపోవచ్చు.

ఆపడం కుదరనే కుదరకపోతే పొడి కర్రతో తప్పించమని పుస్తకాల్లో రాసుంటది. మీ హాల్లో పొడి కర్ర ఎక్కడుంది చెప్పండి? ఉప్పు నీళ్ళు తాగిన ప్యాలెట్ చెక్క కరెంటు లాగుద్ది. గమ్‌బూట్లు లోపల తడిగా ఉంటాయి, చేతికేసుకునే పల్చటి గ్లవ్స్ అసలు లెక్కలోకే రావు. కాబట్టి గ్రేడింగ్ హాలు బయట, తడి తగలని చోట, పొడి ఫైబర్ కర్ర ఒకటి, ఒక రబ్బరు మ్యాటు గోడకి తగిలించి ఉంచండి, దాన్ని ఎవరూ కాలవలు పొడవడానికి వాడకుండా చూడాలి, అదే కష్టం. మ్యాటు మీద నిలబడి, కర్రతో వైరునో చేతినో తప్పించాలి, ఒంటిని ముట్టుకోకూడదు. ఇది 230, 415 వోల్టుల వరకే. యార్డులో 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల లైన్ దగ్గర కర్ర, గ్లవ్స్, మ్యాటు ఏవీ పనికిరావు, దగ్గరకి పోతేనే ముట్టుకోకపోయినా లాగేస్తది.

11 కేవీ గురించి ఒక్కటి చెప్పి వదిలేస్తా ఎందుకంటే మీకు కంటైనర్ లారీలు వస్తుంటాయి. వైరు తెగి పడినా, లారీకి తగిలినా కనీసం పది మీటర్లు దూరం ఉండాలి, కరెంటు నేలలో పాకుతుంటది, అడుగు అడుగుకీ మధ్య వోల్టేజ్ తేడా వచ్చి కాళ్ళ గుండా పోద్ది. డ్రైవర్ క్యాబిన్‌లోనే కూర్చోవాలి, నిప్పంటుకుంటే తప్ప దిగకూడదు, దిగాల్సి వస్తే లారీని, నేలని ఒకేసారి తాకకుండా రెండు కాళ్ళు కలిపి దూకి, పాదాలు ఎత్తకుండా జరుపుకుంటూ దూరంగా రావాలి. లైన్ ఒకసారి ట్రిప్ అయి ఆగింది కదా అని దగ్గరకి వెళ్ళొద్దు, సబ్‌స్టేషన్ వాళ్ళు మళ్ళీ ఛార్జ్ చేసే అవకాశం ఉంటది. 1912కి ఫోన్ చెయ్యండి, దానికన్నా ముందు మీ ఫీడర్ సబ్‌స్టేషన్ నంబరు, సెక్షన్ ఏఈ నంబరు గేటు దగ్గర గోడ మీద ఉంటే ఇంకా త్వరగా పని అవుద్ది. వాళ్ళు ఎల్‌సీ (లైన్ క్లియర్, లైన్ ఆపాం అనే అనుమతి) ఇచ్చి, ఎర్తింగ్ చేశాక మాత్రమే ఎవరైనా కదలాలి.

సరే, కరెంటు ఆగింది, మనిషి విడిపడ్డాడు. ఇక్కడ మనోళ్ళు చేసే పని ఏంటంటే అరికాళ్ళు, అరచేతులు రుద్దడం, మొహం మీద నీళ్ళు కొట్టడం, సోడా తాగించడం, చుట్టూ ముప్పై మంది మూగడం. వాటిలో ఏదీ గుండెని మొదలెట్టదు. భుజం తట్టి పిలవండి, పలక్కపోతే ఛాతీ లేస్తుందా లేదా పది సెకన్లు చూడండి. ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి ఆగి ఆగి ఎగశ్వాస పీలుస్తుంటే "ఊపిరి ఆడుతోందిరా" అని ఊరుకుంటారు, అది ఊపిరి కాదు, గుండె ఆగిన మొదటి నిమిషాల్లో వచ్చేది అదే. వెంటనే సీపీఆర్, అంటే ఛాతీ నొక్కడం మొదలెట్టాలి. ఒకరికి వేలు చూపించి "నువ్వు 108కి చెయ్యి" అని చెప్పండి, "ఎవరైనా ఫోన్ చెయ్యండి" అంటే ఎవరూ చెయ్యరు. ఇంకొకర్ని గేటు దగ్గర నిలబెట్టండి, చెరువు గట్ల మధ్య ఉండే ప్లాంట్లకి అంబులెన్స్ దారి దొరక్క తిరుగుతుంటది.

తడిలోంచి పొడి చోటికి లాగి, గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో రొమ్ము ఎముక మీద అరచేతి మడమ పెట్టి, మీ మోచేతులు వంచకుండా, పైనించి ఒంటి బరువుతో నొక్కాలి. పెద్దవాళ్ళకి 5 నించి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నించి 120 సార్లు, అంటే సెకనుకి రెండు కొంచెం తక్కువ. నొక్కిన ప్రతిసారీ పూర్తిగా వదలాలి. శిక్షణ ఉంటే 30 నొక్కులకి 2 ఊదులు, లేకపోతే ఊదడం మానేసి నొక్కుతానే ఉండండి, ఏమీ చెయ్యకపోవడం కన్నా అది చాలా మేలు. పక్కటెముక టక్‌మని విరిగిన శబ్దం రావొచ్చు, భయపడి ఆపకండి. రెండు నిమిషాలకి ఒకరు మారాలి, బలంగా ఉన్న మగాడు కూడా అంతకన్నా ఎక్కువసేపు సరిగ్గా నొక్కలేడు. ఏఈడీ (ఆగిన గుండెకి షాక్ ఇచ్చే మెషీన్) ఉన్న ప్లాంటైతే ఛాతీ తుడిచి ప్యాడ్‌లు అంటించండి, అది తెలుగులో చెప్పకపోయినా బొమ్మలు చూపిస్తది. గుండె వణుకుతున్నప్పుడు సీపీఆర్ లేకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నించి 10 శాతం తగ్గుతా పోద్ది, అందుకే అంబులెన్స్ వచ్చేదాకా చూద్దాం అనేది పనికిరాదు. ఆడవాళ్ళు ఎక్కువుండే హాలు కదా, పడిపోయింది ఆడమనిషైతే మగవాళ్ళు ఛాతీ మీద చెయ్యి వెయ్యడానికి జంకుతారు, ఆ జంకులో మనిషి పోద్ది, కాబట్టి ఆడవాళ్ళకి కూడా సీపీఆర్ నేర్పించి పెట్టుకోండి.

ఊపిరి ఆడుతూ స్పృహ లేకపోతే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నిచ్చెన మీంచి పడుంటే మెడ కదపొద్దు. కాలిన చోట మామూలు నీళ్ళు 20 నిమిషాలు పోయండి, కరెంటు ఆగిందని ఖాయం అయ్యాకే సుమా, ఐసు పెట్టొద్దు, మీ దగ్గర ఐసు గుట్టలు గుట్టలుగా ఉంటది కదా చెయ్యి దానిమీదికే పోద్ది. పేస్టు, పసుపు, ఇంకు ఏమీ రాయొద్దు, డాక్టరు వాటిని గీకాల్సొస్తది.

మంటలు అడగలేదు గానీ ఒక్క పేరా చదవండి. ప్యానెల్లోంచి పొగొస్తే తలుపు తెరిచి చూడొద్దు, గాలి తగిలి భగ్గుమంటది, ఆర్క్ మొహం మీదికి వస్తది. ముందు పైనించి సప్లై ఆపి, సీఓటూ సిలిండర్ వాడండి, నీళ్ళు, ఫోమ్ వద్దు. 4.5 కేజీల సిలిండర్ అర నిమిషం కూడా రాదు, దాని హార్న్‌ని (గ్యాస్ బయటికొచ్చే గొట్టం మూతిని) చేత్తో పట్టుకుంటే చర్మం మంచుకి అతుక్కుంటది. ఒక సిలిండర్‌తో ఆరకపోతే రెండోది వెతక్కుండా బయటికొచ్చేసి 101కి చెయ్యండి. ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే పొగ చంపినంతగా మంట చంపదు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు రేగినప్పుడు 9 మంది పోయారు, వాళ్ళలో ఇంజినీర్లున్నారు, కరెంటు పనే బతుకుగా ఉన్నవాళ్ళు. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో చనిపోయిన ఆరుగురు ఊపిరాడకే పోయారు. మీ కోల్డ్ రూము గోడలన్నీ పఫ్ (పాలీయురేథేన్ ఫోమ్) ప్యానెళ్ళు, అవి అంటుకుంటే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు సైనైడ్ వాయువు కూడా ఉంటది, నాలుగు గుక్కలు చాలు. కంప్రెసర్ రూము పక్కన అమ్మోనియా వాసన కూడా తగిలితే ఇంక ఆర్పడం మాట మర్చిపోయి గాలికి ఎదురుగా, వాసన రాని వైపుకి అందర్నీ తోలేయండి.

మనిషి పోయిన ప్రమాదమైతే 24 గంటల్లో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకి తెలియజెయ్యాలి, విచారణ అయ్యేదాకా ఆ మెషీన్ని, వైరుని కదపకూడదు. రాత్రికి రాత్రే కొత్త వైరు లాగించి పాతది పారేసే ఓనర్లున్నారు, దానివల్ల పోయినోళ్ళ ఇంటికి రావాల్సిన డబ్బులు కూడా ఆగిపోతాయి. మీ దగ్గర ఎవరూ పోలేదు, అయినా ఆ ప్రెషర్ వాషర్‌కి ఎర్ర ట్యాగ్ కట్టి రూములో పెట్టి తాళం వెయ్యండి, లేకపోతే రేపు ఇంకో హాల్లో వాడేస్తారు.

ఇక ఆర్సీసీబీ. తీసేయడం తప్పే, అందులో ఇంకో మాట లేదు. 30 మిల్లీఆంపులు లీకైతే సెకనులో మూడో వంతు లోపే తెంపేస్తది, గట్టి లీకైతే ఇంకా త్వరగా, ఆ కుర్రాడి చెయ్యి అంతసేపు అతుక్కుని ఉండేది కాదు. కానీ ఓనరు గారిది కూడా ఒట్టి మొండితనం అనుకోను, గంటకోసారి పడిపోతుంటే లైన్ ఆగి సరుకు పోద్ది, ఆయన బాధ ఆయనది. పడిపోవడానికి కారణాలుంటాయి. చాలా ప్లాంట్లలో డబ్బు మిగిలిద్దని మొత్తం హాలుకి ఒక్క 30 మిల్లీఆంపుల ఆర్సీసీబీ పెడతారు, దాని మీద డీఫ్రాస్ట్ హీటర్లు, ఫ్రీజర్లు, వీఎఫ్‌డీలు అన్నీ ఉంటాయి, ఒక్కోటి నాలుగైదు మిల్లీఆంపులు లీకైనా మొత్తం కలిపి దాటిపోద్ది. పైన ఇన్‌కమర్‌కి (బోర్డుకి కరెంటు వచ్చే మెయిన్ స్విచ్‌కి) టైమ్ డిలే ఉన్న 100 లేదా 300 మిల్లీఆంపులది, కింద చేత్తో పట్టుకునే మెషీన్ల సాకెట్లకి విడివిడిగా 30వి పెట్టిస్తే ఒకటి పడితే ఒక్క సాకెట్టే ఆగుద్ది, లైన్ నడుస్తానే ఉంటది. రెండో కారణం ఒక సర్క్యూట్ న్యూట్రల్ తీసుకెళ్ళి ఇంకో డీబీలో కలపడం, లోడ్ వెయ్యగానే పడిపోతుంటే ముందు ఇదే అనుమానించాలి. మూడోది మీ హాల్లో ఖాయంగా ఉండేది, జంక్షన్ బాక్సుల్లో ఉప్పు నీళ్ళు, గ్లాండు (కేబుల్ బాక్సులోకి దూరే చోట బిగించేది) బిగించకుండా వదిలేసిన కేబుళ్ళు. ఎలక్ట్రీషియన్‌తో 500 వోల్టుల మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ చూసే మీటరు) పెట్టించి ఒక్కో సర్క్యూట్ విప్పి చూపిస్తే ఒక ఆదివారంలో దొంగ దొరుకుతాడు. వీఎఫ్‌డీల సర్క్యూట్‌లో పెట్టేదైతే మామూలు ఏసీ టైప్ కాకుండా వీఎఫ్‌డీకి సరిపోయే టైప్ అడగండి. పెట్టాక నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కించాలి, పడకపోతే మార్చేయడమే. ఫేజు, న్యూట్రలు రెండూ ఒకేసారి పట్టుకున్నోడిని మాత్రం అది కూడా కాపాడలేదు, అది ఉంది కదా అని ప్రెషర్ వాషర్ ఎర్తింగ్ పిన్ను విరగ్గొట్టి టూ పిన్‌లో గుచ్చే అలవాటు ఉంటే అదీ మాన్పించండి.

ఏ మెషీన్ వేసినప్పుడు పడుతుందో, వేసిన వెంటనే పడుతుందా కాసేపటికి పడుతుందా, వాన రోజు ఎక్కువ పడుతుందా అనేది షిఫ్ట్ బుక్కులో వారం రోజులు రాయించి ఇక్కడ పెట్టండి. డీబీ ఫోటో కూడా పెడితే ఏది ఎక్కడ విడగొట్టాలో చెప్తాను, కవరు మాత్రం మీరు విప్పొద్దు, మీ ఎలక్ట్రీషియన్ వచ్చాక ఆయనతోనే తీయించండి.